రెండో పాట

జనవరి 9

గయ్యాళి మరదలికి,

వదిన దీవెనలు. ఉత్తరం చూసి ఏం ముంచుకొచ్చిందోనని కంగారు పడకు. అందరం బాగానే ఉన్నాం. బాగాలేనిది నా గొంతొక్కటే. రెండు నెలలుగా బొంగురుపోతోందన్నాను కదా, మొన్న మీ అన్నయ్య నన్ను లాక్కెళ్ళి గొంతు డాక్టరుకి చూపించాడు. ఆయన నోట్లో అద్దం పెట్టి చూసి, గొంతులో కాయలు కాశాయన్నాడు. ఇరవై ఏళ్ళు పసిపిల్లల చేత పాటలు పాడించినందుకు నాకు దక్కినవి అవీ. బళ్ళో పాటల గంట మానడం నావల్ల కాదన్నాను. "అయితే బళ్ళో పాడుకోండి. బయట మాత్రం నోరు మెదపొద్దు. ఫోను అసలే వద్దు. ఇలాగే ఉంటే ఎండాకాలంలో ఆపరేషను తప్పదు" అన్నాడు. నోరు మెదపొద్దన్న మాటకి మీ అన్నయ్య మొహం వెలిగిపోయింది. పైకి మాత్రం "పాపం" అన్నాడు.

కాబట్టి మన ఆదివారం ఫోను కబుర్లకి సెలవు. ఇక నుంచి ఉత్తరాలే. ఒక రకంగా మంచిదే, ఉత్తరంలో నువ్వు నా మాటకి అడ్డం రాలేవు.

ఇప్పుడు అసలు సంగతి. ఈ ఏడాది నా తరగతిలో పంతొమ్మిది మంది పిల్లలు, వాళ్ళ మధ్య ఏడు భాషలు. రేవులో పనికి వచ్చినవాళ్ళ పిల్లలు సగం మంది. ఏ పిల్ల ఇంటి భాషలో ఆ పిల్ల పాట, అది అందరూ కలిసి పాడాలి, ఇదీ నా ఏర్పాటు. మీ హోటల్ లాండ్రీ వాళ్ళ దగ్గర పట్టుకుని నువ్వు పంపిన దుప్పటి మడతల పాట ఎంత అల్లరి చేసిందనుకున్నావు! ఇద్దరికో తువ్వాలు ఇచ్చి నాలుగు మూలలూ కలపమన్నాను. మూలలకంటే ముందు ముక్కులు కలిశాయి. ఆరు భాషల్లో "బాగున్నావా" అని అడిగే బంతి పాట ఇప్పుడు మా బడి వంటావిడ కూడా పాడుతోంది.

ఆరు భాషలకీ పాటలున్నాయి. ఏడోదానికి లేదు. ఆ ఏడో భాష ఒక్కటంటే ఒక్క పిల్లది. కోటు పైబొత్తాం పట్టుకుని తిప్పుతూ కూచుంటుంది కాబట్టి నేను దాన్ని బొత్తాం పాప అంటాను. ఐదేళ్ళుంటాయి. వాళ్ళ నాన్న రొట్టెల వ్యాన్ నడుపుతాడు. తల్లి ఇంకా రాలేదు, కాయితాలు పూర్తి కావాలట. ఈ పిల్ల మూలన కూచుని తన భాషలో ఆ బొత్తాంతో గుసగుసలాడుతుంది, ఏదో కూనిరాగం తీస్తుంది. మిగతా పిల్లలు తమ పాట రాగానే ఎగిరి గంతేస్తారు కదా, అప్పుడు ఆ పిల్ల నా వైపు చూస్తుంది. ఆ చూపు చూడలేకపోతున్నాను.

వాళ్ళ నాన్న దరఖాస్తులో రాసిన భాష పేరు చీటీ మీద రాసి ఇందులో పెట్టాను. మీ లాండ్రీలో లేని మనిషి లేదంటావుగా, ఎవరినైనా పట్టుకో.

నోరు మూసుకున్న నీ వదిన


జనవరి 17

మహాలక్ష్మీసమానురాలైన వదినగారికి, నోరున్న మరదలు నమస్కరించి వ్రాయునది.

అన్నయ్య అదృష్టమే అదృష్టం. నీ గొంతు మాట చదివి ముందు నవ్వాను, తర్వాత భయపడ్డాను. డాక్టరు చెప్పినట్టు విను. నా మీద ఒట్టేసి చెప్పు అనాలనుంది కానీ, చెప్పాలంటే నోరు తెరవాలి కదా.

నీ చీటీ పట్టుకుని భోజనాల వేళకి లాండ్రీలో గట్టిగా చదివాను. ఇస్త్రీ బల్ల దగ్గర పెద్దావిడ ఒకరున్నారు. హోటల్ మొత్తం దిండు గలీబులు ఆవిడ చేతి మీదుగానే పోతాయి. మన భాష ఆవిడకి ముప్ఫై మాటలొస్తే, అందులో ఇరవై ఇస్త్రీ గురించే. నేను ఆ పేరు చదవగానే ఇస్త్రీ పెట్టె అక్కడే వదిలేసి, గుండె మీద చెయ్యేసుకుని "నాది, నాది" అంది. ఆ సంబరంలో ఒక గలీబు కాలింది. అది నీ ఖాతాలోదే.

ఆరబెట్టే గది వెనక కూచోబెట్టి క్యాసెట్‌లో పాడించాను. వెనక గుయ్యిమంటున్నది మా యంత్రం, జడుసుకోకు. ఎంత చక్కటి పాటో! వింటూ ఉంటే నాకే కళ్ళు చెమర్చాయి. కోడి రెక్క ముడుచుకుంది, తలుపు రెప్ప వాల్చింది, ఇలా ఏవో వస్తాయట. అంతకుమించి నాకు అర్థం కాలేదు. ఆ తర్వాత ఇంకోటి కూడా అందుకుంది. అబ్బో, అది పాట కాదు, గోల. ఇస్త్రీ బల్ల మీద అరచేత్తో మూడుసార్లు బాదింది, ఊరు లేచిపోయేలా అరిచింది, చివర్లో పిల్లల పేర్లు పిలిచింది. మా సూపర్వైజరు ఏమైందోనని పరిగెత్తుకొచ్చింది. నీ గొంతుకి ఆ అరుపులేం పనికొస్తాయని ఆ రెండోది చెరిపేశాను. పెద్దావిడ మాత్రం "రెండు, రెండు" అంటూ వేళ్ళు చూపిస్తూనే ఉంది. సరేనని మొదటి పాటే రెండుసార్లు ఎక్కించాను.

బొత్తాం పాపకి ఈ అత్త ముద్దులు.

నీ మరదలు


ఫిబ్రవరి 1

బంగారు మరదలికి,

నిన్నిలా పిలవడం ఇదే మొదటిసారి, ఉత్తరం దాచుకో.

మొన్న సోమవారం పిల్లలందరినీ గుండ్రంగా కూచోబెట్టి నీ పాట అందుకున్నాను. వారం రోజులు గుసగుసగా సాధన చేశాను, యంత్రం గుయ్యిమనడంతో సహా వచ్చేసింది. మొదటి వరుస వినేసరికి బొత్తాం పాప చెయ్యి బొత్తాం మీంచి జారిపోయింది. కళ్ళు ఇంతింత చేసుకుని నన్నే చూసింది. పాట అయిపోయేసరికి మొహమంతా నవ్వు. రెండు వేళ్ళతో పెదాలు నొక్కి పట్టుకుని, నా వైపు చూసి తల ఊపింది. ఏదో మా ఇద్దరికే తెలిసినట్టు. మరదలా, ఇరవై ఏళ్ళ ఉద్యోగంలో అలాంటి చూపు నేనెరగను. బల్ల వెనక్కి వెళ్ళి కళ్ళు తుడుచుకున్నాను.

అయితే ఒక్కటి. ఆ రోజు నుంచి గుసగుసలు లేవు. కూనిరాగం కూడా తీయడం లేదు. పొంగిపోయి అలా ఉందేమో, రెండు రోజులు పోతే అదే కుదుటపడుతుంది.

మీ అన్నయ్య నేను మాట్లాడని ఇంట్లో రేడియో ఎక్కువగా పెడుతున్నాడు. నిశ్శబ్దం అప్పుడే మొహం మొత్తిందన్నమాట.

నీ వదిన


ఫిబ్రవరి 8

వదినా,

"బంగారు" అన్న ఆ ముక్క కత్తిరించి అద్దానికి అంటించాను. ఇక నువ్వు వెనక్కి తీసుకోలేవు.

పెద్దావిడకి నీ ఉత్తరం చదివి, చేతులతో, మొహంతో నటించి చూపించాను. పిల్ల పెదాలు నొక్కి పట్టుకుందనగానే పకపకా నవ్వింది, నా వీపు మీద చరిచింది. "మంచి పిల్ల, మంచి పిల్ల" అంది. చూశావా, ఆవిడకి కూడా సంతోషమే.

మాట లేదని దిగులెందుకు? పాట మీద ఆశ పడింది, అంతే. అప్పుడోసారి ఇప్పుడోసారి పాడితే ఏం సరిపోతుంది? రోజూ పొద్దున్నే పాడు. తరగతి ఆ పాటతోనే మొదలుపెట్టు. రోజూ తన భాష వింటూ ఉంటే నోరు అదే తెరుస్తుంది. నా మాట విని చూడు.

ఈ పూట మా దగ్గర నూటపాతిక దుప్పట్లొచ్చాయి. ఏదో పెళ్ళివారు దిగారట. చేతులు లాగుతున్నాయి, ఉంటాను.

నీ బంగారు మరదలు


మార్చి 1

మరదలికి,

నీ మాట విన్నాను. మూడు వారాలుగా రోజూ పొద్దున్నే ఆ పాటే. ఫలితం ఏమిటంటే, పిల్ల నోరు పూర్తిగా మూతపడింది. పాట మొదలుపెట్టగానే అదే నవ్వు, అదే తల ఊపడం, ఆ తర్వాత సాయంత్రం దాకా రాయి. దెబ్బ తగిలినా "అబ్బా" అనదు. మొన్న ఎవడో కాలు తొక్కితే కళ్ళల్లోంచి నీళ్ళు బొటబొటా కారాయి గానీ గొంతులోంచి చప్పుడు రాలేదు.

మా పెద్ద టీచరు చెడ్డ మనిషి కాదు. చెవుల డాక్టరుకి చూపించింది, చెవులు భేషుగ్గా ఉన్నాయి. ఇక మాటలు రాని పిల్లల బడికి పంపించడమే మేలంటోంది. అది ఊరికి ఆ చివర ఉంది. తండ్రి తెల్లారకుండా వ్యాన్ తీసుకుని పోతాడు, అంత దూరం దింపి రాలేడు, అంటే పిల్లని అక్కడే ఉంచేయాలి. మార్చి ఇరవై ఏడున కాయితాల మీద సంతకాలు. తండ్రిని పిలిచి చెబితే ఆ మనిషి తెల్లబోయాడు. "ఇంట్లో గలగలా మాట్లాడుతుందండీ, నిద్రలో కూడా ఆపదు. బళ్ళో నేనే గెలుస్తున్నా నాన్నా అంటుంది రోజూ" అన్నాడు. పెద్ద టీచరు నా వైపు చూసింది. కన్నతండ్రి కదా, ఒప్పుకోలేక అలా అంటున్నాడనుకున్నాం ఇద్దరం. మాటే రాని పిల్ల బళ్ళో ఏం గెలుస్తుంది?

అసలు ఆ పాటలో ఏముంది? వాళ్ళ నాన్నని అడగడానికి నాకు మొహం చెల్లడం లేదు. ఎవరిని అడిగి పంపావు? అర్థం తెలియకుండా నేను పాడటం నాదే తప్పు. ఇంక పాటలు పంపకు.

వదిన


మార్చి 8

గౌరవనీయులైన వదినగారికి,

మీ ఉత్తరం అందింది. ఇంక పాటలు పంపొద్దన్నారు, పంపను. భోజనం మానుకుని, సూపర్వైజరుతో మాటలు పడి, మీ బడి కోసం పాటలు పోగు చేసినందుకు నాకు తగిన శాస్తి జరిగింది. నేనేదో చేతబడి పాట పంపినట్టు రాశారు. పెద్దావిడని అడుగుదామంటే, కూతురి పురుడని సెలవు మీద వెళ్ళింది. ఇరవై ఐదు దాకా రాదు. వచ్చాక అడిగి, సంజాయిషీ రాసి పంపుకుంటాను.

మా అన్నయ్యని అడిగానని చెప్పండి.

ఇట్లు
బంగారం కాని మరదలు


మార్చి 15

అమ్మడూ,

"మీరు" అన్నావు చూశావా, అక్కడ నాకు తగిలింది. తిట్టినా పడేదాన్ని. ఇంక పాటలు పంపకు అన్నది నీ మీద కోపంతో కాదే. ఆ పిల్లని పంపేస్తే ఆ పాటల గంట నేనే మానేద్దామనుకున్నాను, అందుకని పంపొద్దన్నాను. ఆ ముక్క రాయకుండా మింగేశాను. గొంతుని కాపాడుకుంటూ కాపాడుకుంటూ మాటలు మింగడం అలవాటైపోయింది. నా తప్పే, కడిగేయ్.

ఇంకా పన్నెండు రోజులుంది. ఏం చెయ్యాలో తోచడం లేదు. మొన్న ఆ పిల్ల మీద కేకలేశాను కూడా. నేనంటే నేనే, ఐదేళ్ళ పిల్ల మీద. ఏమైందంటే, సాయంత్రం బడి వదిలే ముందు రోజూ నా బల్ల దగ్గరికొచ్చి నిలబడుతుంది. చేత్తో బల్ల మీద టక్ టక్ టక్ అని మూడుసార్లు కొట్టి, నా నోటి వైపు చూస్తుంది. నేను "ఏం కావాలమ్మా" అంటే తల అడ్డంగా ఊపుతుంది, మళ్ళీ మూడుసార్లు కొడుతుంది. పది రోజులుగా ఇదే వరస. మొన్న పెద్ద టీచరు ఎదుట నిలబడి ఏదో కాయితం గురించి మాట్లాడుతుంటే వచ్చి కొట్టింది. విసుగొచ్చి "ఆపు!" అన్నాను. చెయ్యి వెనక్కి తీసుకుంది. ఏడవలేదు. పెదాలు ఇంకా గట్టిగా బిగించుకుని వెళ్ళి కోటు తొడుక్కుంది.

మీ అన్నయ్య నన్ను మాట్లాడొద్దంటూనే, "ఏమైనా అనవే, ఇల్లు బావురుమంటోంది" అన్నాడు. ఆయనకి పలక మీద "చెప్పుకోవడానికి ఏమీ లేదు" అని రాసి చూపించాను.

"నువ్వు" అని పిలిచి ఒక్క ఉత్తరం రాయి.

నీ వదిన


మార్చి 22

వదినా, నువ్వూ, నువ్వూ, నువ్వూ!

చాలా? ఇంకా కావాలా?

ఇప్పుడే ఫోను పెట్టేశాను. అన్నయ్యతో "రిసీవరు వదిన చెవి దగ్గర పెట్టు, తను నోరెత్తకుండా చూడు" అన్నాను. నువ్వు నిజంగానే ఒక్క మాటా అనలేదు. ఏడుస్తున్నావో నవ్వుతున్నావో కూడా తెలియలేదు. అందుకే మళ్ళీ అంతా వివరంగా రాస్తున్నాను. నా బుద్ధితక్కువ కాయితం మీద కూడా ఉండాలి.

నిన్న నీ ఉత్తరం వచ్చేసరికి నేను సబ్బునీళ్ళల్లో ఉన్నాను. తడిచేతులతోనే చదివాను. "టక్ టక్ టక్ అని మూడుసార్లు" దగ్గరికి వచ్చేసరికి ఆగి, ఆ వరుస మళ్ళీ చదివాను. నేను చెరిపేసిన రెండో పాట మొదలయ్యేది అలాగే కదా! ఇరవై ఐదు దాకా ఎవరాగుతారు? పెద్దావిడ కూతురి ఇల్లు కనుక్కుని, రెండు బస్సులు మారి వెళ్ళాను. పసిగుడ్డు తల్లి ఒళ్ళో ఉంది, ఈవిడ బుజ్జిగుడ్డలు ఇస్త్రీ చేస్తోంది. సెలవులో కూడా అదే పని! ఆ కూతురికి మన భాష బాగా వచ్చు. ఆ అమ్మాయే అంతా చెప్పింది.

మొదటిది నోరు కట్టే పాట. వాళ్ళ ఇళ్ళల్లో అవ్వలు పిల్లలని పడుకోబెడుతూ పాడతారట. కోడి రెక్క ముడుచుకుంది, తలుపు రెప్ప వాల్చింది, నువ్వు పెదవి ముడుచుకో అని. అది విన్నాక, పాడినవాళ్ళ ఎదుట పిల్లలు కిక్కురుమనకూడదు. కిక్కురుమంటే ఓడినట్టు. పొద్దున్నే ఆ అవ్వే వచ్చి మూడుసార్లు కొట్టి, రెండో పాట పాడి, పేరుపెట్టి పిలుస్తుంది. అది నోరు విప్పే పాట. కట్టినవాళ్ళే విప్పాలి, ఇంకెవరు విప్పినా చెల్లదు. ఆవిడ "రెండు, రెండు" అని వేళ్ళు చూపించింది అందుకూ. నీ గొంతు మీద ప్రేమ కొద్దీ నేను సగం ఆట చెరిపేసి పంపాను.

ఇప్పుడర్థమైందా "బళ్ళో నేనే గెలుస్తున్నా" అంటే? తండ్రి ఎదుట మాట్లాడుతుంది, కట్టింది ఆయన కాదు కాబట్టి. బళ్ళో నువ్వుంటావు. రోజూ ముడి మీద ముడి వేశావు, విప్పింది లేదు. ఆ పిల్ల నీతో ఆట ఆడుతోంది వదినా. ఎనిమిది వారాలుగా ఒక్కతే ఆడుతోంది. తనే వచ్చి బల్ల కొట్టి "నీ వంతు" అని గుర్తుచేసింది కూడా.

పెద్దావిడ ఈ సంగతి విని ఇస్త్రీ ఆపేసింది. ముందు నవ్వింది. తర్వాత కొంగుతో మొహం కప్పుకుంది.

రెండో పాట ఫోన్లో నేను పాడినట్టే పాడు. అరవక్కర్లేదట, మెల్లగా పాడినా చెల్లుతుందట, నీ గొంతుకి ఏం కాదు. ఆవిడ అరిచేది ఆవిడ మనవలు మొద్దునిద్ర పోతారు కాబట్టి. రేపు పొద్దున్నే పాడు. నాకు ఈ రాత్రి కంటిమీద కునుకు పడదు.

తప్పు చేసిన నీ మరదలు


మార్చి 28

నా బంగారు మరదలికి,

ఫోన్లో నేను ఏడ్చాను. తర్వాత నవ్వాను. మీ అన్నయ్య రెండూ చూసి, ఏం జరిగిందో తెలియక నాకు మంచినీళ్ళు తెచ్చిచ్చి, తనూ ఓ గ్లాసు తాగాడు.

సోమవారం తొమ్మిదింటికి, కట్టే పాట పాడలేదు. పిల్లలు కూచున్నారు. బొత్తాం పాప తన చోట కూచుని, పెదాలు ముందే బిగించుకుని రెడీగా ఉంది. నేను వెళ్ళి దాని ఎదురుగా నేల మీద కూచున్నాను. పక్కనున్న చెక్క బల్ల మీద టక్ టక్ టక్ అని కొట్టాను. మెల్లగా పాడాను, తెల్లవారింది, రెక్క విప్పు, తలుపు తెరిచాం, పెదవి విప్పు అని. దాని పేరు పెట్టి పిలిచాను.

ఏం చేసిందో చెప్పనా? ముందు ఇంత పొడుగు ఊపిరి వదిలింది, బరువు దించుకున్న కూలివాడిలా. ఆ తర్వాత మొదలుపెట్టింది. అమ్మో! తన భాషలో నడుము మీద చేతులు వేసుకుని నన్ను ఝాడించింది. ఒక్క ముక్క అర్థం కాకపోయినా, "ఇంత ఆలస్యమా!" అన్నది నాకు స్పష్టంగా తెలిసింది. కాలు తొక్కినవాడిని వేలు పెట్టి చూపించి వాడి సంగతీ చెప్పింది. ఎనిమిది వారాల ఫిర్యాదులు, ఒక్కటీ మర్చిపోలేదు.

గోల విని పెద్ద టీచరు వచ్చింది. అప్పుడే బంతి పాట వంతు వచ్చింది. బొత్తాం పాప బంతి లాక్కుని, ఆరు భాషల్లో "బాగున్నావా" అని వరసగా అడిగింది. మన భాషలో కూడా. ఆ మీద దుప్పటి మడతల పాట మొదటినుంచి చివరిదాకా పాడింది. నోరు మూసుకుని అన్నీ నేర్చేసుకుంది, దొంగపిల్ల! చివరికి ఏడోది, వాళ్ళ భాషలో "బాగున్నావా" అని అడిగి, ఆ బంతి పెద్ద టీచరు చేతిలో పెట్టింది. ఇరవై ఏడు నాటి కాయితాలు ఆవిడ ఆ మధ్యాహ్నమే చింపేసింది, నా కళ్ళెదుటే. మరదలా, నాకు ప్రాణం లేచొచ్చింది.

సాయంత్రం గేటు దగ్గర తండ్రికి చెప్పాను. ఆయన తెరవబోయిన వ్యాన్ తలుపు వదిలేసి నా దగ్గరికొచ్చాడు. "మా అమ్మ కూడా పాడేదండీ. బళ్ళో మీరు పాడతారని నాకెవరూ చెప్పలేదు" అన్నాడు. ఎవరు చెబుతారు? మేము ఆయన మాటే నమ్మలేదు. అదొక్కటే నాకు సిగ్గుగా ఉంది, ఆయనకి ఆ మాట చెప్పేశాను కూడా. "కేకలేసినందుకు క్షమించు" అని పిల్లకి ఆయన చేతే చెప్పించాను. అది కాసేపు ఆలోచించి సరేనంది.

ఇప్పుడు తరగతిలో రెండు పాటలూ ఉన్నాయి. మధ్యాహ్నం కట్టేది, పడుకుని లేచాక విప్పేది. పంతొమ్మిది మందీ మూతులు బిగించుకుని పడుకుంటారు, మా వంటావిడ వచ్చి చూసి దిష్టి తీస్తానంటోంది. నీ తప్పు వల్ల నాకు ఇరవై ఏళ్ళలో దొరకని నిశ్శబ్దం దొరికింది. ఇక రెండో పాటలు చెరపకు, అంతే. పెద్దావిడకి నా తరపున కాళ్ళకి నమస్కారం పెట్టు. ఇంకా పాటలు పంపు.

కొసమెరుపు ఒకటుంది. నిన్న శుక్రవారం బడి వదిలేముందు నాకు గొంతు పట్టేసి దగ్గొచ్చింది. బొత్తాం పాప నా బల్ల దగ్గరికొచ్చి, నా మొహం తన రెండు చేతులతో పట్టుకుని, కట్టే పాట నాకు పాడింది. పాడి, కోటు తొడుక్కుని, వాళ్ళ నాన్న వ్యానెక్కి వెళ్ళిపోయింది. విప్పడం మర్చిపోయిందో, కావాలనే వెళ్ళిందో!

అందుకే ఈ శనివారం ఇంట్లో నా నోటి నుంచి చప్పుడు లేదు. డాక్టరు చెప్పినా ఎప్పుడూ ఇంత పద్ధతిగా ఉన్నది లేదు. మీ అన్నయ్యకి సంగతంతా పలక మీద రాసి చూపించాను. ఆయన ఉండబట్టలేక, వంటింటి బల్ల మీద మూడుసార్లు కొట్టి, విప్పే పాట తన గార్దభ స్వరంతో పాడి, నన్ను పేరు పెట్టి పిలిచాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళకి పేరు పెట్టి పిలవడం ఇదే మొదలు. నాకు నవ్వాగలేదు, కానీ నోరు తెరవలేదు. చెల్లదని తల అడ్డంగా ఊపాను. కట్టినవాళ్ళే విప్పాలి.

సోమవారం తొమ్మిదింటి దాకా ఆగాలి. అది ఎనిమిది వారాలు ఓడిపోలేదు, రెండు రోజులకే నేను ఓడిపోతానా?

నీ వదిన